ఈసీలో ఉన్న ఆ ఒక్క మాట: ఎన్‌కంబరెన్స్ అర్థం, వాడుక నేర్చుకునే పద్ధతి

మా మేనమామ రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో 200 గజాల స్థలం కొన్నాడు. కొనేముందు ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించాడు. నిల్, అంటే ఏమీ లేదని వచ్చింది. నిశ్చింతగా రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. ఏడాది తిరక్కముందే ప్రహరీ గోడకు ఒక బ్యాంకు నోటీసు అంటించి ఉంది. అమ్మినాయన అంతకు ముందే ఒరిజినల్ దస్తావేజులు ఆ బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకున్నాడట. మామయ్యకు మాత్రం ఒరిజినల్స్ ఎక్కడో పోయాయని చెప్పి సర్టిఫైడ్ కాపీలు చేతిలో పెట్టాడు. "ఈసీలో ఏమీ లేదు కదరా!" అని మామయ్య ఆ రోజు ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ఈసీ అనే రెండక్షరాలు మనందరికీ తెలుసు. అందులో మొదటి అక్షరం ఏ మాటకు గుర్తో, ఆ మాట చట్టంలో ఎంత దూరం పోతుందో మాత్రం చాలామందికి తెలియదు. అప్పటికి నాకూ తెలియదు. ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్న వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఒక సాయంత్రం, ఒక నోట్‌బుక్, ఇంట్లో బీరువాలో ఉన్న పాత దస్తావేజు ఒకటి ఉంటే చాలు.

మొదటి అడుగు: నోటికి అలవాటు చేసుకోండి

మన దగ్గర ఎన్‌కంబరెన్స్ అని రాస్తాం, అలాగే పలుకుతాం. ఇంగ్లిష్ వాళ్లు ఇన్-కమ్-బ్రన్స్ అని మధ్య ముక్క మీద ఒత్తి పలుకుతారు. రెండూ ఒకటే. పాత ఇంగ్లిష్ పత్రాల్లో ఈ మాట ఐ అక్షరంతో మొదలవుతూ కనిపిస్తే కంగారు పడకండి, అది పాత స్పెల్లింగ్ మాత్రమే.

దీన్ని పోలిన మాటలు రెండున్నాయి. పేపర్లలో చూసే యాంటీ ఇన్‌కంబెన్సీలోని ఇన్‌కంబెంట్ అంటే ఇప్పుడు పదవిలో ఉన్న వ్యక్తి. దానికీ మన మాటకూ సంబంధం లేదు. రెండోది ఎన్‌క్రోచ్‌మెంట్, అంటే ఆక్రమణ. పక్కింటాయన మన స్థలంలోకి రెండడుగులు జరిపి గోడ కడితే అది ఎన్‌క్రోచ్‌మెంట్. ఆస్తి తగాదాల్లో ఎన్‌కంబరెన్స్, ఎన్‌క్రోచ్‌మెంట్ పక్కపక్కనే వస్తాయి కాబట్టి తేడా ఇప్పుడే నోట్‌బుక్‌లో రాసేసుకోండి.

రెండో అడుగు: పుట్టుక తెలుసుకోండి

ఈ మాట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అక్కడ కోంబ్ర్ అంటే నదికి అడ్డంగా వేసిన కట్ట. దానికి ముందు ఒక ముక్క చేర్చి, అడ్డు పెట్టడం అనే అర్థంలో క్రియ చేశారు. మోయడానికీ వాడటానికీ ఇబ్బందిగా ఉన్నదాన్ని ఇంగ్లిష్‌లో కంబర్‌సమ్ అంటారు, అదీ ఈ కుటుంబంలోదే.

నాకు ఈ బొమ్మ చాలా సాయం చేసింది. ఏరు మీదే, నీళ్లు మీవే. కానీ మధ్యలో ఇంకొకరి కట్ట ఉంది. ఏరు ఎవరి చేతికి మారినా ఆ కట్ట అక్కడే ఉంటుంది. అది తీసేవరకూ నీళ్లు స్వేచ్ఛగా పారవు. పక్కనున్న తమిళనాడులో ఈసీని విల్లంగ సర్టిఫికెట్ అంటారు. విల్లంగం అంటే చిక్కు, అడ్డంకి. మన దగ్గర కొన్ని చోట్ల రుణభార పత్రం అని రాస్తారు. నా మటుకు విల్లంగమే సరైన అనువాదం అనిపిస్తుంది. ఎందుకంటే రుణం అనగానే మన దృష్టి అప్పు మీదికే పోతుంది. అప్పుతో సంబంధం లేని ఎన్‌కంబరెన్సులు బోలెడు.

మూడో అడుగు: రెండు ప్రశ్నల పరీక్ష

నిఘంటువు చూస్తే భారం, అడ్డంకి అని ఉంటుంది. అది చాలదు. చట్టంలో ఈ మాటకు ఉన్న అర్థం ఇది: ఆస్తి ఒకరిదై ఉండి, దాని మీద ఇంకొకరికి ఒక హక్కు ఉండటం. ఓనరు ఓనరుగానే ఉంటాడు. కానీ ఆయన హక్కు పూర్తిగా ఖాళీగా లేదు.

ఏదైనా పరిస్థితి ఎదురైనప్పుడు ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ హక్కు ఓనరు కాని మనిషిదా? ఆస్తి చేతులు మారినా ఆ హక్కు ఆస్తి వెంటే వస్తుందా? రెండింటికీ అవును అని వస్తే అది ఎన్‌కంబరెన్స్.

ఇప్పుడు మనకు తెలిసిన విషయాల మీద పరీక్షించి చూద్దాం. మీ స్నేహితుడు చేబదులుగా 2 లక్షలు ఇచ్చాడు, ప్రోనోటు రాయించుకున్నాడు. మీకు ఇల్లుంది. ఆ ఇంటి మీద ఎన్‌కంబరెన్స్ ఉందా? లేదు. బాకీ మీ మీద ఉంది, ఇంటి మీద లేదు. ఇల్లు కొన్నవాడిని వెళ్లి ఆ స్నేహితుడు డబ్బు అడగలేడు. అదే 2 లక్షలకు ఇంటిని తనఖా రాసిచ్చారనుకోండి, అప్పుడుంది. ఇల్లు ముగ్గురి చేతులు మారినా తనఖా ఇంటితోపాటే వెళ్తుంది. ఆ స్నేహితుడు ప్రోనోటు మీద దావా వేసి కోర్టు ద్వారా ఇంటిని జప్తు చేయించాడనుకోండి, అప్పటిదాకా మనిషి మీదున్న బాకీ ఆ క్షణం నుంచి ఇంటిని పట్టుకుంటుంది. ఒకే అప్పు మూడు స్థితుల్లో ఎలా మారిందో గమనించండి. ఈ తేడా బుర్రకెక్కితే మాట సగం వచ్చేసినట్టే.

డబ్బుతో పనిలేని ఉదాహరణ: మీ చేను వెనకున్న రైతుకు మీ గట్టు మీదుగా బండిదారి హక్కు ఉంది. ఏళ్ల తరబడి నడుస్తున్న హక్కు. చేను అమ్మేసినా కొన్నవాడు ఆ దారిని మూయలేడు. ఇదీ ఎన్‌కంబరెన్సే, పైసా అప్పు లేదు. మీ నాన్నగారు బతికుండగా రాసిన విల్లు? కాదు. ఆయన ఉన్నంతవరకు దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇంకా ఎవరికీ హక్కు పుట్టలేదు. పక్కవాడు జరిపిన గోడ? అది ఆక్రమణ, అతనికి హక్కు లేదు కాబట్టే అది తగాదా.

కోర్టులో నడుస్తున్న స్థలం కేసు ఒక్కటే కొంచెం మెలిక. కేసు వేసినంత మాత్రాన వేసినవాడికి హక్కు వచ్చేయదు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కేసు నడుస్తుండగా కొన్నవాడు ఆ కేసు ఫలితానికి కట్టుబడాల్సిందే. అందుకే లాయర్లు దాన్ని కూడా ఎన్‌కంబరెన్సుల జాబితాలోనే చూస్తారు.

నాలుగో అడుగు: బంధువర్గాన్ని కలపండి

ఎన్‌కంబరెన్స్ ఇంటిపేరు లాంటిది. దాని కింద చాలామంది ఉంటారు. మార్టగేజ్ అంటే తనఖా, కొన్ని ప్రాంతాల్లో కుదువ అంటారు. ఛార్జ్ అంటే తనఖా రాయకుండానే ఒక ఆస్తి ఒక బాకీకి జవాబుదారీ కావడం. లీన్ అంటే బాకీ తీరేదాకా వస్తువును లేదా డబ్బును పట్టి ఉంచుకునే హక్కు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లోన్ తీసుకుంటే బ్యాంకు యాప్‌లో లీన్ అమౌంట్ అని చూపిస్తుందే, అదే ఇది. ఈజ్‌మెంట్ అంటే దారి, నీటికాలువ, వెలుతురు లాంటి వాటి మీద పక్కవాళ్లకుండే అనుభవ హక్కు. లీజు మనకు తెలిసిందే.

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్లకు లీన్స్ అండ్ ఎన్‌కంబరెన్సెస్ అని రెండూ జంటగా కనిపిస్తాయి. అక్కడ కరెంటు కంపెనీ తీగల కోసం పెరట్లో ఉంచుకున్న ఈజ్‌మెంట్, కాలనీ పెట్టిన నిబంధనలు కూడా టైటిల్ రిపోర్టులో ఎక్కుతాయి. అప్పు అనే ఒక్క అర్థంతో చదివితే ఆ పేజీలు అసలు అర్థం కావు.

ఐదో అడుగు: వాక్యంలో పట్టుకోండి

చట్టపు మాట ఒంటరిగా నేర్చుకుంటే నిలవదు. దాని చుట్టూ ఏ మాటలు వస్తాయో చూడాలి. దీనికి రెండు జతలు ముఖ్యం.

మొదటిది, ఫ్రీ ఫ్రమ్ ఆల్ ఎన్‌కంబరెన్సెస్. ఏ విల్లంగమూ లేకుండా అమ్ముతున్నాను అని అమ్మేవాడు ఇచ్చే మాట. మన తెలుగు దస్తావేజుల్లో ఇదే సంగతి ఇలా ఉంటుంది: ఈ ఆస్తిపై ఎలాంటి తనఖా, క్రయ, దాన, జప్తు, కోర్టు తగాదాలు లేవనియు, ముందు ముందు ఏవైనా బయటపడిన యెడల నా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడననియు. మన దస్తావేజు లేఖరులు ఒక్క ఇంగ్లిష్ మాటను విడదీసి, ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రాశారు. వాళ్ల మీద నాకు ఎంతో గౌరవం. ఆ ఇంగ్లిష్ మాటకు ఇంతకంటే మంచి వివరణ నేను చూడలేదు.

రెండోది, సబ్జెక్ట్ టు. ఇది కనిపిస్తే ఆగి మళ్లీ చదవండి. సబ్జెక్ట్ టు ద ఎన్‌కంబరెన్సెస్ అంటే ఆ భారాలతో సహా కొంటున్నారని అర్థం. మొదటి మాట భారం అమ్మేవాడి నెత్తిన పెడితే, ఈ మాట కొనేవాడి నెత్తిన పెడుతుంది. బ్యాంకు వేలం నోటీసుల్లో, కోర్టు వేలాల్లో ఇలాంటి షరతులు తరచూ ఉంటాయి. చవగ్గా వస్తోందని సంతోషపడేముందు ఈ రెండు చిన్న మాటల కోసం వెతకండి.

ఎన్‌కంబర్ అంటే భారం కలిగించడం. అన్‌ఎన్‌కంబర్డ్ అంటే భారం లేనిది. అపార్ట్‌మెంటు కొనేవాళ్లకు ఈ మాట ఇంకోచోట పనికొస్తుంది. 2016లో వచ్చిన రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం బిల్డరు ప్రాజెక్టు నమోదు చేసుకునేటప్పుడు, స్థలం మీద ఎన్‌కంబరెన్సులు లేవని, ఉంటే ఏమేమి ఉన్నాయో అఫిడవిట్‌లో చెప్పాలి. మీతో అమ్మకపు ఒప్పందం చేసుకున్నాక అదే ఫ్లాట్‌ను తనఖా పెట్టకూడదు. పెట్టినా అది మీ హక్కును తాకదు.

ఆరో అడుగు: ఈసీ చేతిలో పెట్టుకుని చదవండి

ఇక్కడ తొందరపడకండి. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల ఐజీఆర్ఎస్ వెబ్‌సైట్‌లో గానీ, మీసేవలో గానీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ ఈసీ తీసుకోవచ్చు. ఆస్తి మీది కానక్కర్లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తుల పుస్తకం ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు. కాబట్టి కొనబోయే స్థలానికి అమ్మేవాడు ఇచ్చిన జెరాక్సు మీద ఆధారపడకుండా మీరే తీయించండి.

కంప్యూటర్‌లో వివరాలు 1983 నుంచి దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాల్లో వెతికించాలి. ఎన్నేళ్లకు తీయాలి? 30 ఏళ్లకు తీయమంటాను. తనఖా పెట్టినవాడు బాకీ కట్టి ఆస్తి విడిపించుకోవడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు 30 ఏళ్లు. అంటే 25 ఏళ్ల కిందటి తనఖా కూడా ఇంకా ప్రాణంతో ఉండొచ్చు.

తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే ఒక్కచోట చూసి ఊరుకోకండి. 2020 అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైనప్పటి నుంచి ఆ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు ఆఫీసులకు వెళ్లాయి. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పాత లావాదేవీలకు రిజిస్ట్రేషన్ శాఖ ఈసీ, తర్వాతి వాటికి ఆ పోర్టల్, రెండూ చూడాలి.

ఈసీలో వరుసలుంటాయి. ఒక్కో వరుసలో ఇవి ఉంటాయి: ఆస్తి వివరం, తేదీలు, దస్తావేజు రకం, మార్కెట్ విలువ, ఇచ్చిపుచ్చుకున్న సొమ్ము, పార్టీల పేర్లు, డాక్యుమెంట్ నంబరు. పేర్ల ముందు ఈఎక్స్ అని ఉంటే రాసిచ్చినవాడు, సీఎల్ అని ఉంటే రాయించుకున్నవాడు. వీటిని తేదీల వరుసలో తెల్లకాగితం మీద మళ్లీ రాసుకోండి. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను.

ఊహకు ఒక ఆస్తి తీసుకుందాం. 1996లో క్రయం. 2009లో తనఖా. 2021లో తండ్రి కొడుక్కి రాసిన దాన సెటిల్‌మెంట్. ఇప్పుడు కొడుకు మీకు అమ్ముతానంటున్నాడు. మూడు వరుసలే ఉన్నాయి. మీరు అడగాల్సింది ఏమిటి? 2009 తనఖాకు జంటగా విడుదల దస్తావేజు వరుస ఏది అని. అప్పు తీర్చేశాం అని నోటిమాట చెబుతారు. నిజంగా తీర్చే ఉండొచ్చు. అయినా విడుదల రిజిస్టర్ కాకపోతే కాగితం మీద ఆ కట్ట ఏటికి అడ్డంగా అలాగే ఉంది. చూడలేదు, నాకు తెలియదు అంటే చెల్లదు. రిజిస్టరైన దస్తావేజు సంగతి అందరికీ తెలిసినట్టే అని ఆస్తి బదిలీ చట్టమే అంటోంది.

ఇంకో చిక్కు చూడండి. ఈసీలో వచ్చే ప్రతి వరుసా ఎన్‌కంబరెన్స్ కాదు. పైన చెప్పిన 1996 క్రయం భారం కాదు, అది హక్కు మారడం. పేరు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అయినా, నిజానికి అది ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. భారం ఏదో, బదిలీ ఏదో మనమే విడదీసుకోవాలి. అందుకే ముందు రెండు ప్రశ్నల పరీక్ష నేర్చుకోమన్నాను.

ఏడో అడుగు: నిల్ అంటే ఏం చెప్పలేదో తెలుసుకోండి

మామయ్య దెబ్బతిన్నది ఇక్కడే. నిల్ ఈసీ అంటే, మీరు అడిగిన కాలంలో, మీరు ఇచ్చిన వివరాలతో, రిజిస్ట్రేషన్ ఆఫీసు స్థిరాస్తుల పుస్తకం సూచికలో ఏమీ దొరకలేదని మాత్రమే. ఆస్తి మీద ఏ భారమూ లేదని కాదు.

సర్వే నంబరు 112/2కు బదులు 112/3 అని ఇస్తే నిల్ రావచ్చు. ఊరి పేరు, పాత ఇంటి నంబరు తేడా పడినా రావచ్చు. అందుకే పాత నంబర్లు, కొత్త నంబర్లు రెండూ వేసి వెతకండి.

అసలు రిజిస్ట్రేషన్ అక్కర్లేని భారాలు ఉన్నాయి. వాటిలో పెద్దది, ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో డిపాజిట్ చేసి అప్పు తీసుకోవడం. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ఎఫ్ క్లాజు దీన్ని తనఖాగా గుర్తిస్తుంది. కాగితాలు చేతులు మారడంతోనే తనఖా పుడుతుంది, రిజిస్టర్ చేయకపోయినా చెల్లుతుంది. ఇలాంటి తనఖాల కోసమే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ పెట్టారు. బ్యాంకులు అక్కడ నమోదు చేస్తాయి, కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. ఈసీతోపాటు ఇదీ చూడటం అలవాటు చేసుకోండి.

11 నెలల అద్దె ఒప్పందాలను చాలామంది రిజిస్టర్ చేయించరు. నడకదారి హక్కులు చాలావరకు కాగితం మీదే ఉండవు, స్థలం దగ్గరికి వెళ్లి చుట్టుపక్కల వాళ్లను అడిగితేనే తెలుస్తాయి. విల్లునామాలు రిజిస్ట్రేషన్ ఆఫీసులో 3వ పుస్తకంలోకి, మామూలు జీపీఏలు (మన తరఫున పనిచేసే అధికారం ఇచ్చే పత్రాలు) 4వ పుస్తకంలోకి పోతాయి. ఈసీ ఇచ్చేది 1వ పుస్తకం, అంటే స్థిరాస్తుల పుస్తకం, సూచిక చూసి. ఆస్తిపన్ను బకాయిలు ఎలాగూ ఇందులో రావు.

అన్నిటికంటే ముందు ఒరిజినల్స్ చూపించమనండి. పోయాయి అంటే పోలీసు రిపోర్టు, పేపరు ప్రకటన అడగండి. అవి చూసినా సరే, లాయరు సంతృప్తి పడేవరకు అడ్వాన్సు ఇవ్వకండి. ఇది చదివిన వాళ్లలో ఒక్కరైనా ఇలా అడిగితే నేను రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ఎనిమిదో అడుగు: మీ ఇంటి కాగితాలతో సాధన

బీరువాలో ఉన్న దస్తావేజు తీయండి. భారాలు లేవని చెప్పే వాక్యం ఎక్కడుందో పెన్సిల్‌తో గీత గీయండి. అందులో ఎన్ని రకాల భారాలను పేరుపెట్టి చెప్పారో లెక్కపెట్టండి. దారి హక్కు, అద్దెదారు ఉన్నారా? లేకపోతే అవి వదిలేశారన్నమాట. తర్వాత మీ మాటల్లో అదే వాక్యం ఇంకోసారి రాయండి. రాయగలిగితే మాట మీకు వచ్చింది.

హోమ్‌లోన్ తీరిపోయిన వాళ్లకు ఇంకో పని ఉంది. చివరి కంతు కట్టాక బ్యాంకులు 30 రోజుల్లోగా ఒరిజినల్స్ ఇచ్చేయాలని, తనఖా నమోదు తీసేయించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలి. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి కాగితాలు విడుదల కావాల్సిన వాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. కాగితాలు చేతికొచ్చాయని ఊరుకోకుండా, మీ తనఖా రిజిస్టరై ఉంటే విడుదల కూడా రిజిస్టర్ చేయించి, పది రోజులాగి కొత్త ఈసీ తీసి చూడండి. రేపు మీ పిల్లలు అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు, 2009 తనఖా గురించి మనం అడిగిన ప్రశ్న వాళ్లను ఎవరూ అడక్కుండా ఉంటారు.

మామయ్య చివరికి బ్యాంకుతో మాట్లాడి, సెటిల్‌మెంట్‌లో కొంత తన డబ్బు కట్టి ఒరిజినల్స్ విడిపించుకున్నాడు. ఇల్లు కట్టడానికి దాచుకున్న సొమ్ములో మూడో వంతు దానికే పోయింది. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరు స్థలం చూసినా ముందు ఆయనకే ఫోన్ చేస్తారు. ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఒరిజినల్స్ ఎక్కడున్నాయమ్మా?"